ఇడ్లీలతో పాటు పంచిన మాత్ర

మందుల షాపుల్లో కొత్తగా కౌంటర్ ఎక్కుతున్న పిల్లల్ని చూసినప్పుడల్లా ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. నోటితో చెప్పబోతే వినే తీరిక మీకు ఉండదు. రాసిపెడితే ఎప్పుడో ఒకప్పుడు చదువుతారని ఆశ. మాట కొంచెం కరుకుగా ఉంటే ఏమీ అనుకోకండి. మెత్తగా రాద్దామని కూర్చుంటే కలం ముందుకు సాగలేదు.

ఫిల్మ్ నగర్‌లో స్టూడియోల వైపు ఎక్కే దారి మొదట్లో ఉన్న ఒక మందుల షాపులో నా ఉద్యోగమంతా గడిచింది. జూబ్లీహిల్స్ బంగళాల డ్రైవర్లు, వెనక బస్తీ జనం, ముఖానికి రంగు తుడుచుకోకుండానే వచ్చే జూనియర్ ఆర్టిస్టులు మా మెట్ల మీద ఒకే వరుసలో నిలబడేవాళ్లు. నా చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా మందు డబ్బాల్లో మడతపెట్టి వచ్చే కాగితాలే నేర్పాయి. చీమల బారులాంటి ఆ ఇంగ్లిష్ చదవడానికి ఒక భూతద్దం, ఒక పాత నిఘంటువు కొనుక్కున్నాను. ఆ తర్వాత ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన రసాయన శాస్త్రం పుస్తకాలు. అర్థం కాని మాట తగిలితే ఆ రోజంతా చిరాకే.

షాపు యజమాని గోదావరి జిల్లా మనిషి. ఫార్మసీ చదివాడు, నాకంటే చాలా చిన్నవాడు, మెత్తటివాడు. ఎవరితోనూ మాట పడకుండా రోజు గడిస్తే చాలనుకునేవాడు. మోతీనగర్ నుంచి బస్సులో వచ్చే నాకేమో ఒక గొడవైనా లేకపోతే పొద్దుపోదు. అలా ఇద్దరికీ కుదిరింది.

ఔట్‌డోర్ షూటింగులకు ముందు మా షాపుకు ఫోన్లు వచ్చేవి. నొప్పి స్ప్రేలు, క్రేప్ బ్యాండేజీలు, గ్లూకోజు పొడి, వాంతుల మాత్రలు. పాట తీసే షెడ్యూలైతే చివర్లో ఇంకో మాట తగిలించేవారు: "వాయిదా మాత్రలు కూడా ఒక డబ్బా పడెయ్యండి."

నెలసరిని కొద్ది రోజులు వెనక్కి నెట్టే మాత్రలు అవి. వ్రతమనో, గృహప్రవేశమనో, తిరుపతి ప్రయాణమనో మన ఇళ్లలో ఆడవాళ్లు వేసుకునేవే. డాక్టరు చీటీ మీదే ఇవ్వాలని చట్టం చెబుతుంది. చీటీ అడిగితే నవ్వడం మన అలవాటు. డ్యాన్సు గ్రూపుల్లో ఆ అలవాటు ఇంకా ముదిరింది. నీళ్లలో పాట, తెల్లబట్టల పాట అన్నప్పుడు ఒక్క అమ్మాయి పక్కన కూర్చున్నా వరుస చెడుతుంది, నిన్నటి షాటుకు ఇవాళ్టి షాటు అతకదు. అందుకని గ్రూపును నడిపే కోఆర్డినేటర్ అందరికీ కలిపి డబ్బా తెప్పించి, పొద్దున ఇడ్లీలతో పాటు ఎవరి ప్లేటులో వాళ్లకు మాత్ర పెట్టించేవాడు. ఎవరి తేదీ ఎప్పుడో అడిగేవాడు కాదు. ఎవరికి లివర్ జబ్బుందో, ఎవరికి కాళ్లలో రక్తం గడ్డకట్టిందో అడిగేవాడు కాదు. ఎవరు కడుపుతో ఉన్నారో అసలే అడిగేవాడు కాదు.

"సేటు, గిది బిస్కట్ పాకెట్ కాదు. గింతమంది ఆడపిల్లల కడుపులకు ఒక్క మొగోడు ఆర్డరిచ్చుడేంది?" అని నేను అన్నప్పుడల్లా మా యజమాని ఫ్యాన్ వైపు చూసేవాడు.

"మనం ఇవ్వకపోతే పక్క షాపువాడు ఇస్తాడండీ పెద్దాయనా. మనకెందుకు చెప్పండి."

"పక్కోడు ఇచ్చుకుంటే ఆని పాపం ఆనిది."

"పాపం సంగతి సాయంత్రం మాట్లాడుకుందామండీ. ముందు డబ్బా ప్యాక్ చెయ్యండి, కారు బయట ఉంది."

ఆ సాయంత్రం ఎప్పుడూ వచ్చేది కాదు.

ఇక్కడ కాస్త ఆగి ఆ మందు సంగతి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు అందదు. ఆడవాళ్ల అండాశయంలో నెలనెలా అండం విడుదలైన చోట ఒక చిన్న పసుపుపచ్చ ముద్ద మిగులుతుంది. అది ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. దాని పని గర్భసంచి లోపలి పొరను మెత్తగా పరిచి, చెదరకుండా నిలిపి ఉంచడం. గర్భం రాకపోతే ఆ ముద్ద వాడిపోతుంది, హార్మోన్ తగ్గుతుంది, పొర రాలిపోతుంది. అదే నెలసరి. గర్భం వస్తే ఆ ముద్దే కొన్నాళ్లు కాపలా కాసి, మాయ ఎదిగాక దానికి పని అప్పగించి తప్పుకుంటుంది. బయటి నుంచి అలాంటి మందు ఇస్తూ ఉంటే పొర రాలదు. మందు ఆపగానే రాలుతుంది. వాయిదా మాత్ర కిటుకంతా అంతే.

మా షాపులో ఒకే అరలోంచి ఆ కుటుంబపు మందులే ఒకరికి ఆగని రక్తం ఆపడానికి, ఒకరికి రాని నెలసరి తెప్పించడానికి, ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజన్ వాడే ఒకావిడకు గర్భసంచి పొర దళసరి కాకుండా చూడటానికి, టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో గర్భం దాల్చిన ఇంకొకామెకు అది నిలబడటానికి ఇచ్చాను. ఇన్ని పనులు చేసేదాన్ని పట్టుకుని "హార్మోన్ మాత్ర" అంటూ ముఖం చిట్లించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. అడ్డూ అదుపూ లేకుండా మింగేవాళ్లను చూసినా అంతే మండేది.

ఆ కోఆర్డినేటర్ నడిపే డ్యాన్సు గ్రూపులో బోరబండ అమ్మాయి ఒకతె ఉండేది. ఎప్పుడూ వెనక వరుసే. మోకాలి బ్యాండేజీకి మా షాపుకు వచ్చి, బ్యాండేజీ కట్టేంతసేపూ కబుర్లు చెప్పేది. "సినిమాల నా వీపును గుర్తువట్టేటోళ్లు మా బస్తీల మస్తు మంది ఉన్నరు కాకా. మొఖం చూసినోడే లేడు" అని తనే నవ్వేది. భర్త లైట్‌మన్. పెళ్లయ్యాక రెండుసార్లు గర్భం నిలిచి, నిలిచినట్టే పోయింది. ఆ రెండుసార్లూ మందులు ఇచ్చింది నేనే కాబట్టి ఆ మాట తను చెప్పకుండానే నాకు తెలుసు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం వచ్చింది. కౌంటర్ చివర నిలబడి, ఉన్న ఇద్దరు గిరాకీలూ వెళ్లేదాకా ఆగింది. నవ్వలేదు.

"కాకా, కడుపు తీసేసే మాత్రలు ఉంటయట గదా. గవి కావాలె."

"ఎవలకు?"

"నాకే."

చేతిలో ఉన్న మందుల డబ్బా కింద పెట్టాను. "నీకు పిల్లలు కావాలని నువ్వు తిరగని దర్గా లేదు, మొక్కని గుడి లేదు గదనే. గిదేంది?"

"కావాలె కాకా. గానీ మంచిగున్న పిల్ల కావాలె." కౌంటర్ అద్దం మీద లేని మరకను గోటితో గీకుతూ చెప్పింది. "మొన్న నీళ్ల పాటకు పోయినం గదా. టిఫిన్ల మాత్రలిచ్చిన్రు, ఏసుకున్న. అచ్చినంక నెల రాలె. మాత్ర గుణం ఇంక దిగలేదేమోనని చూసిన. మా గ్రూపు పిల్లలు గూడ గట్లనే అన్నరు. ఆఖరికి పరీక్ష చేసుకుంటె రెండు గీతలు. ఆ మాత్ర ఏసుకునేటప్పటికే కడుపుల పడ్డదన్నట్టు."

"అయితే?"

"మా ఆయన ఫోన్ల చూసిండు. కడుపుతోని ఉన్నోళ్లు ఆ మాత్ర ముట్టద్దని ఉన్నదట. ఆడపిల్లయితే మొగ పోలికలతోని పుడ్తదని ఒక వీడియోల చెప్పిన్రట. నా పిల్లను లోకం అంతా వింత లెక్క చూడాల్నా కాకా? పొద్దటి సంది జర రక్తం గూడ కనవడుతుంది. అదే పోయేటట్టుంది. మిగిలింది సాఫ్ జేసుకుంటే అయిపోతది."

ఇక్కడ నా చదువు నన్నే భయపెట్టింది. ఆ వాయిదా మాత్రలో ఉండేది అసలు ప్రొజెస్టిరాన్ కాదు. మగ హార్మోన్ చట్రాన్ని తీసుకుని, అందులోంచి ఒక కర్బన పరమాణువు తొలగించి, ఇంకోచోట రెండు తగిలించి తయారుచేసిన మందు. అది నేను పుస్తకంలో చదివాను. కాబట్టి ఆ వీడియో మాట ఉత్త గాలి కబురని కొట్టిపారేయలేకపోయాను.

మాట్లాడింది మా యజమాని. లోపల బిల్లింగ్ దగ్గర కూర్చుని అంతా విన్నాడు. లేచి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"ఆ డబ్బా మన షాపు నుంచే వెళ్లింది కదండీ పెద్దాయనా."

"మన షాపే."

ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వడిగిన మాత్రలు డాక్టర్ చూడకుండా ఎవరూ ఇవ్వకూడదు. పైగా రక్తం కనిపిస్తోందంటున్నావు. నేను కారు తీస్తాను, డాక్టర్ గారి దగ్గరికి వెళ్దాం. ఆవిడ ఏం చెబితే అది చేద్దువుగాని. మీ ఆయనకు ఫోన్ చెయ్యి."

పట్టపగలు షట్టర్ దించగా ఆ షాపులో అంతకుముందు నేను చూడలేదు. నేనూ కారెక్కాను.

జూబ్లీహిల్స్ లోపలి వీధిలో ఉన్న ఆ లేడీ డాక్టర్ చీటీలు రోజూ మాకు వచ్చేవి. పెద్దావిడ, మాట తక్కువ. ఆ అమ్మాయి భర్త సెట్ మీద నుంచి నేరుగా వచ్చాడు, లైట్లు ముట్టుకునేటప్పుడు వేసుకునే మందపాటి గ్లౌజులు ఇంకా ప్యాంటు జేబులోంచి వేలాడుతున్నాయి. డాక్టర్ ఆ ఇద్దర్నీ లోపలికి పిలిచింది. చాలాసేపటికి ఆ అమ్మాయి తలుపు తెరిచి, "కాకా, నువ్వు గూడ రా. సేటు, మీరు గూడ" అంది.

స్కాన్ మిషన్ మీద బొమ్మ ఇంకా అలాగే ఉంది. బియ్యపు గింజకంటే కాస్త పెద్దది.

"గుండె కొట్టుకుంటోంది" అంది డాక్టర్. "ఏ మాత్ర? ఎన్నాళ్లు వేసుకుంది?"

"మా షాపుదేనండీ" అని మందు పేరు చెప్పాడు మా యజమాని. దాచుకోలేదు, నీళ్లు నమలలేదు. ఆ ఒక్క మాటకు అతని మీద నాకున్న పాత చిరాకంతా పోయింది.

డాక్టర్ ఆ అమ్మాయి వైపు తిరిగింది. "విను. ఆ మాత్ర గర్భంతో ఉన్నవాళ్లు వేసుకోకూడదు, అది నిజం. నువ్వు తెలియక వేసుకున్నావు, అదీ నిజమే. కానీ దానికోసం కడుపు తీయించుకోవాల్సిన పని లేదు. మీ ఆయన విన్నది పాత రోజుల్లో పెద్ద పెద్ద డోసులు చాలాకాలం వాడినవాళ్ల సంగతి. నువ్వు వేసుకున్నది కొద్దిరోజులు, చిన్న డోసు. అప్పటికి నీ బిడ్డకు ఆ అవయవాలు ఏర్పడటం కూడా మొదలవలేదు. ఏ గర్భానికైనా నూటికి నూరు అని నేను రాసివ్వలేను. నీకూ ఇవ్వలేను. కానీ ఆ మాత్ర వల్ల మాత్రం నాకు భయం లేదు."

నేను ఊరుకోలేక అడిగాను. "మేడం, దాని చట్రం మగ హార్మోన్‌ది గదా?"

ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసింది. "మీరు చదివింది తప్పు కాదు పెద్దాయనా. ఎంత మోతాదు, ఎప్పుడు అనేది కూడా చదవాలి."

పుస్తకం మధ్యలో మూసేసినవాణ్ణని నాకు అప్పుడు అర్థమైంది. చెంప మీద కొట్టినట్టుండాల్సిన మాట. నాకేమో గుండె మీద నుంచి బండ దించినట్టుంది.

అక్కడితో అయిపోలేదు. రెండుసార్లు పోయినవాళ్లకు, ఇప్పుడు మళ్లీ రక్తం కనిపిస్తుంటే, ప్రొజెస్టిరాన్ ఇస్తే నిలబడే అవకాశం పెరుగుతుందని డాక్టర్ చీటీ రాసింది. భర్త ఆ పేరు ఫోన్‌లో కొట్టి చూశాడు. ముఖం మారిపోయింది.

"మేడం, గిది గూడ గదే జాతి గదా. తాగిన విషమే మళ్ల తాగమన్నట్టు ఉన్నది."

ఆ అమ్మాయి చీటీని బల్ల మీద పెట్టేసింది. "నేనేసుకోను."

డాక్టర్ విసుక్కోలేదు. అది వేరు, ఇది వేరు అని మళ్లీ చెప్పింది. ఇద్దరి ముఖాల్లోనూ మాట లోపలికి దిగిన జాడ లేదు. "బలవంతం చేసి ఇచ్చే మందు కాదిది. బయట కూర్చుని ఆలోచించుకోండి. ఇంకో పేషెంటును చూసి మళ్లీ పిలుస్తాను" అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాం. ఇదే నా సమయం అనుకున్నాను. ఇన్నేళ్లు భూతద్దం పెట్టి చదివిందంతా ఒక్కసారి ఒలకబోశాను.

"ఒక ఇల్లున్నది అనుకో. నాలుగు గదులు. మూడు గదులకు ఆరు మూలలు, నాలుగో గదికి అయిదు మూలలు..."

"అయిదు మూలల గది ఎవడు కడ్తడు కాకా?" అన్నాడు భర్త. మేస్త్రీ కొడుకు మరి.

"కడ్తరు, నువ్విను. మన ఒంట్ల కొలెస్ట్రాల్‌దీ గదే ఇల్లు. మొగ హార్మోన్‌దీ గదే ఇల్లు, ఆడ హార్మోన్‌దీ గదే ఇల్లు. దర్వాజాలు మాత్రం వేరే. పెండలం దుంప ఉంటది సూడు, దాని జాతి అడవి దుంపల గూడ ఇసోంటి ఇల్లే ఉంటది. ఫ్యాక్టరీల దాన్ని తీసి, దర్వాజాలు మార్చి ప్రొజెస్టిరాన్ చేస్తరు."

"అయితే పెండలం కూర తింటె సరిపాయె."

"సరిపోదు. దర్వాజాలు మార్చే మేస్త్రీ మన కడుపుల లేడు."

ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. మా యజమాని గోడమీది క్యాలెండర్ చదువుతున్నాడు. నా రసాయన శాస్త్రం అక్కడే కూలిపోయేది. కానీ నేను చివరి ప్రయత్నంగా ఇంకో మాటన్నాను: అసలు ప్రొజెస్టిరాన్ మింగితే లివర్‌లో చాలామటుకు కరిగిపోతుంది, అందుకే మాత్రలో తట్టుకుని నిలబడే దాన్ని వేరేగా తయారుచేశారు, గర్భసంచి దాన్ని చూసి ఇదే అదనుకుంటుంది, అని.

ఆ అమ్మాయి తలెత్తింది. "అంటే డూప్."

"ఏంది?"

"డూప్ కాకా. హీరోయిన్ ఎండల ఆగలేదు, కరిగిపోతది. అందుకని డూప్‌ను పెడ్తరు. గవే బట్టలు, గదే జడ. దూరంకెల్లి కెమెరాకు ఇద్దరూ ఒక్కతీరు. దగ్గరికొస్తెనే మొఖం వేరే."

నేను చదివిన పుస్తకాల్లో అంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

"గంతే బిడ్డా. టిఫిన్ల ఇచ్చింది డూప్."

"ఇప్పుడు డాక్టరమ్మ రాసింది?"

"అసలు హీరోయిన్. ఇప్పుడు నీ ఒంట్ల తయారయితున్నది గదే. తక్కువ పడకుండ బయటి నుంచి ఇంత తోడు."

భర్తకు ఇంకా అనుమానం తీరలేదు. "మరి మింగితె కరిగిపోతదంటివి గదా."

"అందుకే మింగమనలేదు. కింది నుంచి లోపల పెట్టుకొమ్మని రాసింది. అక్కడి నుంచి సీదా గర్భసంచికి పోతది."

బెంచీ చివర కూర్చున్న ముసలావిడ మా వైపు తిరిగి చూసింది. భర్త తన గ్లౌజుల్ని పరీక్షగా చూసుకోవడం మొదలుపెట్టాడు.

"గింత పెద్దగ చెప్పాల్నా కాకా" అంది ఆ అమ్మాయి. షాపుకు వచ్చినప్పటి నుంచీ మొదటిసారి ఆమె ముఖాన నవ్వు కనిపించింది.

"చెప్పాలె. మెల్లగ చెప్తె మింగేస్తరు."

లేచి తనే తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, బల్ల మీది చీటీ తీసుకుంది.

కొద్దిరోజుల్లో రక్తం కనిపించడం ఆగింది. అది మందు వల్లా, దానంతటదే ఆగిందా అని నన్ను అడక్కండి. డాక్టర్‌ను అడిగితే ఆవిడే, "రెండూ అయి ఉండొచ్చు" అంది. తెలిసినవాళ్లు అంతవరకే చెబుతారని అప్పుడు నేర్చుకున్నాను. మాయ పని అందుకున్నాక డాక్టర్ ఆ మందు మాన్పించింది.

ఈలోపు కోఆర్డినేటర్ ఫోన్ రానే వచ్చింది. ఈసారి సముద్రం ఒడ్డున పాట. స్ప్రేలు, బ్యాండేజీలు అన్నీ చెప్పి, చివర మామూలు మాట తగిలించాడు. మా యజమాని ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. నేను వినాలనే పెట్టాడని నా అనుమానం.

"అవి ఇవ్వలేమండీ. ఎవరికి కావాలో ఆ అమ్మాయే డాక్టర్ చీటీతో రావాలండీ."

"ఏంటండీ కొత్తగా? అంతమంది ఆడపిల్లలు పని మానుకుని మీ మెట్లెక్కుతారా?"

"ఎక్కుతారండీ. కడుపు వాళ్లదే కదండీ."

"ఇన్నేళ్ల పరిచయం మనది. పోనీ, పక్క షాపులో చూసుకుంటాలెండి."

"మీ ఇష్టమండీ" అని పెట్టేశాడు. పెట్టేశాక, "కాసిని మంచినీళ్లు ఇస్తారా పెద్దాయనా" అన్నాడు. అబద్ధం చెప్పను, ఆ కోఆర్డినేటర్ పక్క షాపుకు వెళ్లాడు, వాళ్లు ఇచ్చారు. అయితే ఈ అమ్మాయి సంగతి గ్రూపంతా పాకింది. కొందరు పిల్లలు మాత్ర పక్కన పెట్టి ఇడ్లీ మాత్రమే తినడం మొదలుపెట్టారట. కొందరు మా మెట్లెక్కి వచ్చి, "ఏంది కాకా, మా ప్రాణం తీస్తున్నవ్, చీటీ లేకుంటె ఇయ్యవా" అని నన్ను తిట్టిపోశారు. తిట్టి, నిలబడి, అడగాల్సినవి అడిగారు. అడిగినదానికల్లా సిగ్గుపడకుండా జవాబు చెప్పాను. నాకు తెలియనివి డాక్టర్‌కు వదిలాను.

అయిదో నెలలో పెద్ద స్కాన్. ఎర్రగడ్డలో ఒక స్కానింగ్ సెంటర్. "నాకొక్కనికి ధైర్యం లేదు, నువ్వు రావాలె" అని లైట్‌మన్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. వెళ్లాను. లోపలికి వెళ్లినవాళ్లు కాసేపటికి బయటికొచ్చారు. ముఖాలు చూస్తే ఏమీ తేలడం లేదు.

"ఏమన్నరు?"

"వీపు మంచిగున్నదన్నరు" అన్నాడు భర్త.

"వీపేంది?"

"అటు తిరిగి పండుకున్నదట కాకా" అంది ఆ అమ్మాయి. "ఎన్నుపూస అంత కనవడ్డదట, మంచిగున్నదట. మొఖం జూపిస్తలేదు, గుండె జూపిస్తలేదు. ఏమన్న తీపి తాగి, జరసేపు నడిచి రమ్మన్నరు." కొంచెం ఆగి, "గిది గూడ వెనక లైనే కాకా" అంది.

నవ్వాలో భయపడాలో తెలియలేదు. మెట్రో స్తంభాల నీడన ముగ్గురం అటూ ఇటూ నడిచాం. మామిడి రసం డబ్బా కొనిపెట్టాను. అది తాగి, ఫుట్‌పాత్ మీద కూరగాయల బండి పక్కన నిలబడి, చేతులు రెండూ పైకెత్తి మెల్లగా రెండు స్టెప్పులు వేసింది. భర్త, "ఏయ్, ఏయ్" అంటూ రెండు చేతులూ చాచి ఆమె చుట్టూ తిరిగాడు. కూరగాయలామె తూకం ఆపి చూసింది.

మళ్లీ లోపలికి వెళ్లారు. ఈసారి భర్త ఒక్కడే ముందు బయటికొచ్చి, మెట్ల మీద కూలబడ్డాడు.

"తిరిగింది. గుండెల నాలుగు గదులు మంచిగున్నయట. మొఖం, పెదవులు, చేతులు అన్ని మంచిగున్నయట." కాస్త ఆగి, "నాలుగు గదులంటె నువ్వు చెప్పిన ఇల్లు యాదికొచ్చింది కాకా" అన్నాడు.

నేను మెట్రో స్తంభం వెనక్కి వెళ్లి ముక్కు చీదుకుని వచ్చాను. షాపుకు ఫోన్ చేసి మా యజమానికి చెప్పాను. "స్వీట్లు తెప్పించమంటారా అండీ" అన్నాడు.

"ఇప్పుడే వద్దు సేటు" అన్నాను. ఎందుకంటే ఆ అమ్మాయి అసలు భయం ఇంకా తీరలేదు. ఆడా మగా అన్నది స్కాన్‌లో చెప్పకూడదు, చెప్పరు. పుట్టేది ఆడపిల్లయితే ఆడపిల్లలా పుడుతుందా అన్నదే ఆమెను లోపల తినేసేది. డాక్టర్ చెప్పిన మాట మీద నమ్మకం పెట్టుకుని, రోజులు ఈడ్చింది. నేను మాత్రం ఏం తక్కువ? మగ హార్మోన్ చట్రం సంగతి రాసిన ఆ పుస్తకాన్ని కంటికి కనబడకుండా అట్టడుగున పడేశాను.

కాన్పు రోజు షాపులో సందడిగా ఉంది. ఫోన్ మోగింది. అవతల లైట్‌మన్. వెనక ఆస్పత్రి గోల.

"ఆడపిల్ల కాకా."

"డాక్టరమ్మ చూసిందా?" అన్నాను.

"డాక్టరమ్మ మొత్తం చూసింది. అచ్చం ఆడపిల్లే కాకా. అచ్చం ఆడపిల్లే." అదే మాట ఎన్నిసార్లు చెప్పాడో, అతనికీ గుర్తుండదు.

మా యజమాని నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా మిఠాయి దుకాణానికి తనే నడిచి వెళ్లాడు. ఆ రోజు మా మెట్లెక్కిన ప్రతివాడికీ, షుగర్ మందు కోసం వచ్చినవాళ్లకు తప్ప, ఒక మైసూర్‌పాక్ ముక్క అందింది.

పిల్లలూ, మీకు నేను పెద్ద పెద్ద చదువులు చెప్పలేను. ఆ మాత్ర చెడ్డదని కూడా చెప్పను. అవసరమైనవాళ్లకు, చూసి ఇస్తే, అది పనికొచ్చే మందే. మీ కౌంటర్ ముందు నిలబడిన మనిషి వేసుకునే మందు ఆ మనిషికే ఇవ్వండి. చీటీ ఉన్నా సరే, ఇచ్చేముందు "కడుపుతో లేవని చూసుకున్నావా అమ్మా" అని మామూలు గొంతుతో ఒక్క మాట అడగండి. నల్ల కవర్లో చుట్టి, మాట్లాడకుండా చేతిలో పెట్టడం మర్యాద అనుకోకండి. నలుగురు మగవాళ్లు వింటారని ఊరుకుంటే ఎలా? విననివ్వండి, వాళ్లూ నేర్చుకుంటారు.

నేను షాపు మానేసి చాలాకాలం కాలేదు. మోకాళ్లు ఒప్పుకున్న రోజు ఇప్పటికీ వెళ్లి, కాసేపు స్టూల్ మీద కూర్చుని వస్తాను. మొన్న వెళ్లినప్పుడు ఆ అమ్మాయి వచ్చింది. మళ్లీ డ్యాన్సుకు వెళుతోంది. మోకాలి బ్యాండేజీ కోసమే వచ్చింది. పక్కన, తల్లి చున్నీ పట్టుకుని, రెండు పిలకలతో ఆ పిల్ల. నేను చాక్లెట్ చూపించి ఎంత బతిమాలినా నా వైపు చూడలేదు. చటుక్కున అటు తిరిగి, తల్లి కాళ్లకు ముఖం ఆనించి నిలబడింది.

"అది స్కానింగుల నుంచి గంతే కాకా" అంది తల్లి. "ఎవలు పిలిచినా ముందుగాల వీపే జూపిస్తది."

నేను చాక్లెట్ కౌంటర్ మీద పెట్టి, ఎదురుచూస్తూ కూర్చున్నాను.